తల్లివేరు తెగని మొక్కలు

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరొంచలో మంగోస్టీన్ పండదని నాతో చెప్పినవాళ్లు చాలామంది. వాళ్లలో తెలివితక్కువవాళ్లు ఎవరూ లేరు. ఆ చెట్టుకు ఏడాది పొడుగునా తేమ కావాలి. మాకు ఎండాకాలం వస్తే గోదావరి ఇసుక మీద కాలు పెట్టలేం. దానికి చిన్నప్పుడు నీడ కావాలి. మా పత్తి చేలల్లో, మిర్చి చేలల్లో మనిషికే నీడ ఉండదు. గింజ నాటితే కాయ చూడటానికి పదేళ్లు దాటుతుంది. అంత దూరం చూసి దుక్కి దున్నే రైతు మా తాలూకాలో నాకు కనబడలేదు. ఇవన్నీ నిజాలే. అయినా ఇక్కడ మంగోస్టీన్ పండింది. పండటమే కాదు, లాభం కూడా ఇస్తోంది. ఈ రెండో మాటకు మీరు నవ్వినా నాకేం పట్టింపు లేదు. నవ్వులపాలవడం నాకు ఉద్యోగంలో భాగంగానే వచ్చింది.

ఫోన్లలో వీడియోలు చూసి ఈ మధ్య కుర్రవాళ్లు మా ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నారు. ఎకరానికి ఎన్ని, ఎన్నేళ్లకు ఎంత, ఇవే ప్రశ్నలు. మొక్కలు ఎలా చచ్చిపోతాయో మాత్రం ఒక్కరూ అడగరు. నాకు బాగా తెలిసింది అదే. అందుకే ఇది రాస్తున్నాను.

బామ్ని దగ్గర ప్రాణహిత ఒడ్డున ఒక ప్రైవేటు నర్సరీలో నేను పనిచేశాను. సంచుల్లో మట్టి నింపే కూలీగా చేరి, పని పంచి లెక్క చూసే ముకద్దంగా బయటికి వచ్చాను. నా బడి ఏడో తరగతిలో ఆగిపోయింది. అది కూడా మరాఠీ బడి. లెక్కలు మాత్రం మొక్కల మధ్య నాకు నేనే నేర్చుకున్నాను. మడికి ఎన్ని వరసలు, వరసకు ఎన్ని సంచులు, అందులో మొలిచేవి ఎన్ని, నిలిచేవి ఎన్ని. కొత్తగా చేరినవాళ్లు మొలిచినవి లెక్కపెట్టి సంబరపడతారు. చచ్చేవాటిని ముందే తీసేసి మిగిలినవి చెప్పగలిగితేనే ముకద్దం.

మా యజమానిది సిరొంచలో ఎప్పటినుంచో ఉన్న ముస్లిం కుటుంబం. లారీలు, ఎరువుల దుకాణం, నది పక్కన పాత మామిడి తోట, ఈ నర్సరీ. అందరం ఆయన్ని సేట్ అనేవాళ్లం. ఆయన నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఒకసారి ఆయన లారీ కేరళకు మిర్చి తీసుకెళ్లి తిరిగి వస్తూ ఒక బుట్టెడు మంగోస్టీన్ పండ్లు తెచ్చింది. నల్లగా, గట్టిగా, చూడటానికి చెడిపోయిన చిన్న తాటికాయల్లా ఉన్నాయి. లోపల మాత్రం వెన్నలాంటి తెల్లని తొనలు. సేట్ రెండు తిని మూడోది నా చేతిలో పెట్టాడు.

"గింజలు పారేయకుండ్రి. చెల్లె, వీటిని మొలిపియ్యి. నర్సరీ పెట్టినంక టేకు, నీలగిరి గివేనా బతుకంతా?"

మావి టేకుకు అలవాటుపడ్డ చేతులు. టేకు గింజను నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, మళ్లీ ఎండబెడితేగాని అది కళ్లు తెరవదు. అలాగే మంగోస్టీన్ గింజల్నీ కడిగి తాటిపత్రి పట్టా మీద ఎండేశాం. ఒక్కటీ మొలవలేదు. తర్వాతి లారీ డ్రైవరు అక్కడివాళ్లని అడిగి వచ్చాడు. పండు నుంచి తీసిన గింజ ఆరితే చచ్చిపోతుందట. ఈసారి అతను గింజల్ని తడిగోనెలో చుట్టి, దారి పొడుగునా నీళ్లు చల్లుకుంటూ తెచ్చాడు. వచ్చిన రోజే నాటాం. మొలిచాయి, అదీ బాగా మొలిచాయి.

తర్వాత మొదలైంది అసలు తమాషా. రెండు ఆకులు వచ్చాయి. ఎర్రగా, మెత్తగా వచ్చి, ముదిరి చెప్పు తోలులా మందమయ్యాయి. అంతే. మళ్లీ ఇంకో రెండాకులకు నెలల తరబడి ఎదురుచూడాలి. పక్క మడిలో అదే వానాకాలం నాటిన టేకు నా నడుము దాటింది. మంగోస్టీన్ జానెడు కూడా లేదు.

కూలీ ఆడవాళ్లకు ఇది పెద్ద కాలక్షేపం. "అక్కా, ఇది చెట్టా, దేవుని పటం ముంగట పెట్టే ప్లాస్టిక్ పువ్వు కొమ్మనా?" అని ఒకామె. "మీ మనుమరాలి పెండ్లికి పండ్లు తింటం తీయ్" అని ఇంకొకామె. "మనుమరాలి పెండ్లికి ఆకులే, పండ్లు దాని మనుమరాలికి" అని నేనే అనేదాన్ని. వాళ్లతో నవ్వకపోతే పని సాగదు.

ఒకరోజు ఎలుక కొరికి ఒక సంచీ చిరిగింది. మట్టి రాలిపోయి వేరు బయటపడింది. పైన జానెడు మొక్కకు కింద వేరు రెండు జానలు, సంచీ అడుగుకు తగిలి సున్నాలా చుట్టుకుంది. పక్కవేర్లు దాదాపు లేవు. ఒకటే తల్లివేరు, దానికి సన్నటి నూగు కూడా లేదు. ఇన్నాళ్లూ అది పెరగటం లేదని మేము పైనుంచి చూసి అనుకుంటున్నాం. అది తాపీగా కిందికి పెరుగుతోంది. మా సంచులే దానికి చాలటం లేదు.

సేట్‌తో చెప్పాను. ఖాళీ యూరియా సంచులు కత్తిరించి, బామ్నిలో దర్జీ దగ్గర మోకాలెత్తు సన్నటి సంచులు కుట్టించాను. దర్జీ అడిగాడు, "ఇందులో ఏం పెడ్తరమ్మా, పాములా?" చిన్న సంచీ అడుగు మాత్రం చీల్చి, మొక్కల్ని కదలకుండా ఆ సంచీతో సహా ఇందులోకి దించాలి. ఆ వారమే పని మొదలుపెట్టాలనుకున్నాను. అంతలో మా ఆయనకు జ్వరం తగ్గక గడ్చిరోలి ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, సంచులు మార్చండి అని మామకు చెప్పాను.

మామ అంటే నాకు చుట్టం కాదు, వరసకు పిలుపు. టేకు స్టంపులు కోయడంలో ఆయన్ని మించినవాడు ప్రాణహితకు ఈ పక్కన లేడు. ఏడాది టేకు మొక్కను పీకి, మొదలు వేలెడు ఉంచి, తల్లివేరును జానెడుకు నరికి, పక్కవేర్లు చెక్కేస్తే మిగిలే కర్రముక్కే స్టంపు. కట్టలు కట్టి గోనెలో చుడితే ఎంత దూరమైనా వెళ్తుంది. నాటితే చిగురిస్తుంది. ఒక్క వేటుకు ఒక్క స్టంపు, చూపు కూడా తిప్పేవాడు కాదు. భామ్రాగడ్ నుంచి కూడా ఆయన కోసిన స్టంపులే కావాలని అడిగేవాళ్లు. పాలిథిన్ సంచుల్లో మొక్కలకు కూడా అంతే. అడుగు నుంచి బయటికి వచ్చిన వేరును కోసి పక్కన పెట్టడం మా నర్సరీలో చెప్పకుండానే జరిగే పని. వేరు కోస్తే మొక్క గట్టిపడుతుంది. అది మా అందరి నమ్మకం, టేకు విషయంలో నిజం కూడా.

ఆయనకు జ్వరం తగ్గి నేను తిరిగి వచ్చేసరికి సగం మొక్కలు పొడుగు సంచుల్లోకి మారాయి. చక్కగా, తాడు పట్టినట్టు వరసలు. మామ కత్తి తుడుచుకుంటూ ఉన్నాడు.

"సూడు కోడలా, వేరు గిట్ల సుట్టుకొని ఉన్నది. అన్నీ నీటుగ కోసి పెట్టిన. ఇగ సూడు ఎట్ల లేస్తదో."

తట్టలో కోసిన వేర్ల ముక్కలు ఉన్నాయి. లేత పసుపు రంగు, తెగినచోట జిగురు. పక్కవేర్లు లేని మొక్క ఇది, ఉన్న ఒక్కటీ తెగితే ఎలా అనిపించింది. మిగతా సగం మాత్రం ఆపమన్నాను.

"ఎందుకాపుడు? నేను కోసిన వేరు ఏనాడన్న సచ్చిందా?"

"ఏనాడు సావలేదు మామ. జర ఆగుదాం. ఇవి లేసినంక అవి కోద్దాం."

ఆయనకు కోపం వచ్చింది. రెండు రోజులు చాయ్ కూడా వేరుగా కూచుని తాగాడు.

మంగోస్టీన్ ఆకు మోసం ఎలాంటిదో అప్పుడు చూశాను. వేరు తెగినా ఆకు వాడదు. పచ్చగా, నిగనిగలాడుతూ వారాల తరబడి అలాగే ఉంది. మామ రోజూ ఉదయం ఆ వరసల పక్కనుంచి నడిచి, నా వైపు చూసి వెళ్లేవాడు. ఒకరోజు అడిగేశాడు, "ఏమాయె కోడలా, నా మొక్కలు సస్తయనుకుంటివి?"  తర్వాత ఒక్కో ఆకు కాడ దగ్గర విరిగి, పచ్చగా ఉండగానే రాలటం మొదలైంది. పుల్లలు మిగిలాయి. గీరి చూస్తే లోపల గోధుమ రంగు. కోసినవాటిలో ఒక్కటి కూడా మిగల్లేదు. కోయని సగం కొత్త ఆకుల జతలు వేస్తోంది.

మామ చచ్చిన పుల్లల్ని తనే పీకి, సంచుల్లో మట్టి దులిపి, సంచులు కడిగి ఆరేశాడు. ఆ సాయంత్రం కత్తి నాకిచ్చి అన్నాడు, "టేకు కోసేటప్పుడు ఇయ్యి. దీని దిక్కు పోతే నా చెయ్యి ఊకుండదు."

మిగిలిన సగం సంగతి ఇక. మొక్కలు మోకాలెత్తుకు వచ్చేసరికి నాలుగో వానాకాలం మొదలైంది. అవి ఉన్నది నర్సరీలో ఉన్న ఒకే ఒక్క నీడ వల, గ్రీన్ నెట్ కింద. సేట్‌కు ఆ నెట్ మిర్చి నారుకు కావాలి. మిర్చి నారు నెలన్నరలో చేతికి వచ్చి అమ్ముడవుతుంది. నా మొక్కలు మూడేళ్లుగా కూచుని నీళ్లు తాగుతున్నాయి. ఆయన కోణంలో ఆయన లెక్కలో తప్పు లేదు. టేకు ఆర్డర్లు కూడా తగ్గిన ఏడాది అది.

తొలి వానలు పడిన ఉదయం నేను వెళ్లేసరికి గేటు లోపల ట్రాక్టర్ ఉంది. గోదావరి వంతెన అవతల నుంచి వచ్చిన మిర్చి రైతు, మంచి ఆసామి, మంగోస్టీన్ మొక్కలన్నీ తనకే కావాలని సేట్‌తో మాట్లాడుకున్నాడు. కూలీలు నెట్ కింద నుంచి మోసుకొచ్చి ట్రాలీలో పెడుతున్నారు. ఒక వరస అప్పటికే ఎక్కింది.

నేను ఆ రైతును అడిగాను, "ఏడ పెడ్తవు తమ్మీ?"

"రోడ్డు పక్కన నల్లరేగడి ఉన్నది, రెండెకరాలు. మిర్చి తీసేసిన. సాఫ్ జాగ."

"నీడ ఉన్నదా?"

"నీడెందుకక్కా? వానల పెడితే బతకని చెట్టు ఉంటదా?"

"వానల బతుకుతది. ఎండకాలమో?"

"డ్రిప్పు వేసిన. నీళ్లకు కరువు లేదు."

"నీళ్లు వేరుకు పోస్తవు. ఆకుకేం పోస్తవు?"

అతను నవ్వి సేట్ వైపు చూశాడు. "ఏంది సేట్, అమ్మేదెవరు, నువ్వా ఈ అక్కనా?"

నేను ట్రాలీ వెనక తలుపు మూసి గొళ్లెం పెట్టాను. ఎందుకు పెట్టానో అప్పుడు ఆలోచించలేదు. చెయ్యి చేసింది. కూలీలు తలమీద సంచులతో ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు.

సేట్ గొంతు పెంచలేదు. ఆయనకు కోపం వస్తే గొంతు తగ్గేది. "చెల్లె, జాగ నాది. నెట్ నాది. మొక్కలు నావి. ఇందుల నీదేమున్నది?"

"మూడేండ్లు నావి సేట్."

"మూడేండ్లకు కూలి ఇయ్యలేదా?"

"ఇచ్చినవ్. కాదంటలేను. గీ మొక్కలు గాయన పొలంల వచ్చే ఎండకాలం దాటవు. ఒక్కటి దాటదు. గప్పుడు గాయన ఊరంతా చెప్తడు, సిరొంచ సేట్ మొక్కలు చచ్చినయని. రేపు నీ మిర్చి నారు కూడ ఎవడు కొనడు."

"నువ్వు దేవునివా, ముందే చెప్పుడానికి? తియ్యి గొళ్లెం. తియ్యకుంటే రేపటి నుంచి పనికి రాకు."

నా ఇద్దరు పిల్లల చదువు ఆ పని మీదే నడుస్తోంది. నా చెయ్యి గొళ్లెం మీదే ఉంది. తీయలేదు.  

అప్పుడు ట్రాలీ ఊగింది. మామ అవతలి పక్కనుంచి చక్రం మీద కాలు పెట్టి పైకెక్కాడు. ఒక్కో మొక్కను అడుగున చెయ్యి పెట్టి ఎత్తి, కింద నిలబడ్డ ఆడవాళ్లకు అందిస్తున్నాడు.

"ముసలోడా! నీకేమాయె?" అన్నాడు సేట్.

మామ ఆపలేదు. "సగం నేను సంపిన సేట్. తక్కిన సగం నా ముంగట సంపియ్యకు."

ఆ మాటకు ఆడవాళ్లలో ఒకామె తలమీది సంచీతో వెనక్కి తిరిగి నెట్ వైపు నడిచింది. ఆమె వెనక ఇంకొకామె. ఇంతకాలం ఆ మొక్కల్ని వెక్కిరించింది వాళ్లే.

సేట్ అందర్నీ పనిలోంచి తీసేయగలడు. మిర్చి నారు పోసే రోజుల్లో అందర్నీ తీసేస్తే నారు ఎవరు పోస్తారు? ఆ లెక్క ఆయన నాకంటే ముందే వేసుకున్నాడు. రైతు వైపు తిరిగి, "జామ మొక్కలున్నయ్, మంచియి, తీస్కపో" అన్నాడు. అతను విసుక్కుంటూ జామ మొక్కలే ఎక్కించుకున్నాడు. పోతూ పోతూ నాతో అన్నాడు, "గిట్లయితే దుకాణం నడుస్తదా అక్కా?" 

అతను వెళ్లాక సేట్ నన్ను పిలిచాడు. "రేపటికి నెట్ ఖాళీ కావాలె. ఏడ పెట్టుకుంటవో పెట్టుకో."

"మామిడి తోటల పెడ్త."

"నా మామిడికి ఏమన్నయితే?"

మామిడి తోటలో చెట్లకూ చెట్లకూ మధ్య పదిహేను అడుగులు ఊరికే పడి ఉంది. పైన మామిడి నీడ, పక్కనే నది, బావి మోటరు ఎలాగూ నడుస్తుంది. మంగోస్టీన్ కాసేదాకా ఆ నీడలోనే పసుపు వేసుకోవచ్చు. నీళ్లు ఒకసారి పెడితే మూడు పంటలు తాగుతాయి. పదేళ్లు ఎదురుచూడటం ఖాళీ పొలంలో అయితే నష్టం. ఆ పదేళ్లూ ఎలాగూ కాసే తోటలో అయితే ఎదురుచూపుకు ఖర్చేముంది? ఇదంతా చెప్పాను. సేట్ వ్యాపారి. నా ఏడుపు వినకపోయినా లెక్క విన్నాడు.

"మామిడి కాపు తగ్గిందనుకో..."

"తగ్గితే నువ్వు చెప్పకుండనే నేను పోత."

ఆ రోజంతా, మర్నాడంతా వానలో గుంటలు తీశాం. పొడుగు సంచీ అడుగు కోసి, గుంటలోకి దించి, సంచీని మెల్లగా పైకి లాగాలి. వేరుకు గాలి కూడా తగలకూడదు. సంచులు లాగే పని మామ ఎవరికీ ఇవ్వలేదు. ఎండాకాలం రాకముందే ప్రతి మొక్కకూ పడమట వెదురు తడక కట్టాం.

అన్నీ బతికాయని చెబితే మీరు నన్ను నమ్మకండి. కొన్ని మొదటి ఎండాకాలం మాడాయి. కొన్నిటిని అడవిపందులు పెకలించాయి. ఒక ఏడాది ప్రాణహిత తోటలోకి వచ్చి అంచు వరసను తీసుకుపోయింది. నాటినవాటిలో మూడొంతుల్లో రెండొంతులు నిలిచాయి. మొలిచినవన్నీ లెక్కేస్తే మూడింట ఒకటే. నేను లాభం అంటున్నది ఆ ఒకటిని లెక్కలోకి తీసుకుని.

సేట్ ఏటా మామిడి తెంపేటప్పుడు అడిగేవాడు, "నీ చెట్లు ఏమంటున్నయ్ చెల్లె?" "పెరుగుతున్నయ్ సేట్." కొన్నేళ్లకు ఆయన అడగటం మానేశాడు. కానీ పసుపు దిగుబడి తీసుకుంటున్నాడు, మామిడి కాపు తగ్గలేదు, నన్ను పొమ్మనలేదు.

తర్వాత పూత వచ్చి రాలింది. మరుసటి ఏడాది మళ్లీ వచ్చి నిలబడింది. మొదటి పండ్లు సిరొంచ బజారులో ఎవరూ కొనలేదు. కుళ్లినవనుకున్నారు. ఒక ముసలామె ముక్కు దగ్గర పెట్టుకుని, "గివి మీరే తినుండ్రి బిడ్డా" అని తిరిగిచ్చింది. ఆ తర్వాత చంద్రపూర్ పండ్ల వ్యాపారికి ఒక పెట్టె పంపాం. అతను మరుసటి కాపుకు తనే బండి వేసుకుని వచ్చాడు. ఇప్పుడు ఆ తోటలో పైన ఉన్న మామిడికంటే కింద ఉన్న మంగోస్టీన్‌కే ఎక్కువ వస్తోంది. సేట్ ఈ మాట నాతో అనడు. దుకాణానికి వచ్చినవాళ్లతో అంటాడని విన్నాను, అది కూడా "నేను పెట్టిన చెట్లు" అని. అననివ్వండి.

మామ చూపు తగ్గి పని మానేశాడు. మొదటి కాపులో ఒక పండు తీసుకెళ్లి ఒలిచి చేతిలో పెట్టాను. ఒక తొన చప్పరించి, "గింత దానికి గంత ఏషమా కోడలా!" అని మిగతా తొనలన్నీ తినేశాడు. నాకు ఒకటి కూడా మిగల్చలేదు.

మోకాళ్ల నొప్పులతో నేను కూడా నర్సరీ మానేశాను. ఇంటి పెరట్లో అరటి నీడలో కొన్ని మొక్కలు పెంచుతున్నాను, పొడుగు సంచుల్లోనే. అవి కావాలని వచ్చేవాళ్లలో నాకు మంచి పేరు లేదు. వాళ్లు పెట్టే జాగా చూడకుండా నేను ఒక్క మొక్క కూడా ఇవ్వను. పొగరు అంటారు, చాదస్తం అంటారు. నమ్మకం లేని ముసలమ్మ అని ఒక అబ్బాయి వీడియోలో కూడా పెట్టాడట. నాకింకా ముసలితనం రాలేదు. మిగతావన్నీ ఒప్పుకుంటాను.

మొన్న గడ్చిరోలి నుంచి ఒకాయన కారులో వచ్చాడు. మర్యాదస్తుడు. మంగోస్టీన్ కోసమని నాలుగెకరాలు కొత్తగా సిద్ధం చేశానని ఫోన్లో ఫొటోలు చూపించాడు. అడ్డంగా ఉన్న ఇప్ప చెట్లు, మద్ది చెట్లు, పాత మామిడి అన్నీ కొట్టించి, జేసీబీతో చదును చేయించాడు. అరచేయిలా నున్నగా ఉంది నేల. ఒక్క గడ్డిపోచ లేదు.

"ముందు అరటి పెట్టుండ్రి, మునగ పెట్టుండ్రి. మధ్యల మామిడి పెట్టుండ్రి" అన్నాను. "అవి మీ తలెత్తు దాటినంక రాండ్రి. గప్పుడిస్త."

"అన్ని మొక్కలు పెట్టుకుని ఏం చేస్తరు? అమ్మండమ్మా. ఎంతయినా తీసుకుంట."

"ఇయ్యను సార్."

ఆయన కాసేపు నన్నూ, అరటి కింద వరసల్నీ మార్చి మార్చి చూశాడు. నిజంగానే అర్థంకాక అడిగాడు. "మొక్కలు అమ్ముడు మీ ధందా కాదా?"

"ధందానే సార్. గందుకే ఇస్తలేను."